హిమేజీ కోట: పిల్లలతో వెళ్లేవారు టికెట్ నుంచి నిట్టనిలువు మెట్ల దాకా ముందే తెలుసుకోవాల్సినవి

జపాన్‌లో భూకంపాలకు, ప్రపంచ యుద్ధానికి తట్టుకుని నిలిచిన కోటల్లో హిమేజీది మొదటి వరుస. ఒసాకాలో బస చేసిన కుటుంబం ఒక్క రోజులో హాయిగా చూసి రావచ్చు. 2026 మార్చి 1 నుంచి ఇక్కడ టికెట్ విధానం మారింది. 18 ఏళ్ల లోపు వారికి ప్రవేశం ఉచితం. బయటి ఊళ్ల నుంచి వచ్చే పెద్దలకు మాత్రం ధర రెండున్నర రెట్లయింది.

డబ్బు లెక్క ఒక ఎత్తు. పిల్లలతో వెళ్లేవారికి అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ కోటలో లిఫ్ట్ లేదు. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. చెప్పులు విప్పి, నున్నటి చెక్క నేల మీద నడుస్తూ ఆరో అంతస్తు దాకా ఎక్కాలి. ఎవరూ సులువుగా పైకి రాకూడదన్న ఉద్దేశంతో 400 ఏళ్ల కిందట కట్టిన భవనం ఇది. ఆ ఉద్దేశం అర్థమైతే ఇక్కడ పిల్లలకు ఏం చూపించాలి, ఎంతవరకు ఎక్కించాలి అన్నది తేల్చుకోవడం సులువవుతుంది.

కోట ఎక్కడుంది? ఎందుకంత పేరు?

హిమేజీ నగరం పశ్చిమ జపాన్‌లోని హ్యోగో ప్రిఫెక్చర్‌లో ఉంది. రైల్వే స్టేషన్ ఉత్తరం వైపు బయటికి రాగానే ఓతెమాయె అనే వెడల్పాటి వీధి తిన్నగా సాగుతుంది. దాని చివర కొండ మీద కోట కనిపిస్తుంది. నడిస్తే 15 నుంచి 20 నిమిషాలు. బస్సులు కూడా ఉన్నాయి.

కోటలోని ప్రధాన భవనాన్ని జపనీయులు ‘తెన్షు’ అంటారు. బయటి నుంచి చూస్తే దీనికి ఐదంతస్తులే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల ఆరు అంతస్తులు, వాటి కింద ఒక నేలమాళిగ ఉన్నాయి. రాతి పునాది ఎత్తు దాదాపు 15 మీటర్లు, దాని పైన భవనం ఎత్తు 31.5 మీటర్లు. కొండను కూడా కలిపితే శిఖరం సముద్ర మట్టానికి 92 మీటర్ల ఎత్తులో ఉంటుంది.

గోడలకు, పైకప్పు పెంకుల అతుకులకు కూడా తెల్లటి సున్నపు గార పూశారు. అందం కోసమే కాదు, చెక్క భవనానికి నిప్పంటుకోకుండా చూడటం దీని అసలు పని. రెక్కలు విప్పిన తెల్ల కొంగలా ఉంటుందని ఈ కోటకు ‘తెల్ల కొంగ కోట’ అనే పేరు కూడా వచ్చింది.

జపాన్‌లో కోటలు చాలానే ఉన్నాయి. కానీ పాతకాలపు తెన్షు అలాగే మిగిలినవి 12 మాత్రమే. వాటిలో ఐదింటికి ‘జాతీయ సంపద’ హోదా ఉంది: హిమేజీ, మత్సుమోతో, ఇనుయామ, హికోనె, మత్సుయె. ఒసాకా, నగోయా వంటి పెద్ద నగరాల్లో కనిపించే తెన్షులు ఇరవయ్యో శతాబ్దంలో కాంక్రీటుతో మళ్లీ కట్టినవి. 1993 డిసెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తొలి జపాన్ కట్టడాల్లో హోర్యూజీ బౌద్ధాలయ ప్రాంతంతో పాటు హిమేజీ కోట ఒకటి.

ఎవరు కట్టారు? ఎలా మిగిలింది?

హిమేయామ అనే ఈ కొండ మీద 1333లో అకమత్సు నోరిమురా కోట కట్టించినట్టు చరిత్ర చెబుతుంది. 1580ల ఆరంభంలో, తర్వాత జపాన్ మొత్తాన్ని ఏలిన తొయొతొమి హిదెయోషి ఇక్కడ మూడంతస్తుల తెన్షు కట్టించాడు.

1600లో సెకిగహరా యుద్ధంలో తొకుగావా ఇయెయాసు గెలిచాడు. ఆయన అల్లుడు ఇకెదా తెరుమాసకు హిమేజీ దక్కింది. తెరుమాస పాత కట్టడాన్ని తీసేసి, 1601 నుంచి 1609 వరకు ఇప్పుడున్న తెన్షును కట్టించాడు. 1617లో వచ్చిన హోండా తదమాస పడమటి ప్రాకారాన్ని విస్తరించాడు.

ఆ తర్వాత దేశంలో దీర్ఘకాలం శాంతి నెలకొనడంతో ఇప్పటి తెన్షు పెద్ద ముట్టడిని ఎదుర్కోలేదు. ప్రమాదం వేరే రూపాల్లో వచ్చింది. మెయిజీ ప్రభుత్వం 1873లో కోటల వ్యవస్థను రద్దు చేసింది. దేశమంతటా ఎన్నో కోటలను కూల్చేశారు. హిమేజీ కోటను వేలం వేస్తే 23 యెన్‌లకు ఒకరు పాడుకున్నారనీ, కూల్చే ఖర్చే ఎక్కువవుతుందని వదిలేశారనీ చెబుతారు. 1878లో నకమురా షిగెతో అనే సైనికాధికారి ఈ కోటను కాపాడాలని ప్రభుత్వాన్ని కోరాడు. అప్పటి నుంచి మరమ్మతులకు దారి ఏర్పడింది.

రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకు కనిపించకుండా తెల్లటి గోడలకు నల్ల రంగు వలలు కప్పారు. 1945 జులై 3 రాత్రి అమెరికా బాంబులకు హిమేజీ నగరంలో చాలా భాగం కాలిపోయింది. కోట మీద పడిన ఒక బాంబు పేలలేదు. తెల్లవారేసరికి చుట్టూ బూడిద, మధ్యలో కోట మిగిలాయి. 1995లో కోబె ప్రాంతాన్ని కుదిపేసిన భూకంపంలోనూ కోటకు పెద్ద నష్టం జరగలేదు.

అదృష్టం ఒక్కటే దీన్ని నిలబెట్టలేదు. 1956 నుంచి 1964 వరకు తెన్షును దూలం దూలంగా విప్పి, పాడైన కలపను మార్చి, తిరిగి అమర్చారు. 2009 నుంచి 2015 వరకు పైకప్పును, గారను బాగుచేశారు. 2015 మార్చి 27న తెన్షును మళ్లీ తెరిచాక ఏడాదిలో 28 లక్షల మందికి పైగా వచ్చారు.

టికెట్ ఎంత? పిల్లలకు ఎందుకు ఉచితం?

పాత విధానంలో పెద్దలకు 1,000 యెన్‌లు, బడి పిల్లలకు 300 యెన్‌లు ఉండేవి. ఇప్పుడు హిమేజీ నగరవాసులైన పెద్దలకు 1,000 యెన్‌లు, మిగతా పెద్దలందరికీ 2,500 యెన్‌లు. మన డబ్బులో సుమారు 1,400 నుంచి 1,500 రూపాయలు. 18 ఏళ్లు నిండనివారు ఏ దేశం వారైనా డబ్బు కట్టక్కర్లేదు.

భార్యాభర్తలు, ఇద్దరు బడి పిల్లలు ఉన్న కుటుంబానికి ఒకప్పుడు 2,600 యెన్‌లు అయ్యేది. ఇప్పుడు 5,000 యెన్‌లు అవుతుంది. అంటే పిల్లలకు మినహాయింపు ఇచ్చినా కుటుంబం మీద భారం దాదాపు రెట్టింపైంది. 16, 17 ఏళ్ల పిల్లలు పెద్దవారిలా కనిపిస్తే వయసు చూపించాల్సి రావచ్చు కాబట్టి పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవడం మంచిది.

ఈ మార్పు వెనక ఒక చర్చ నడిచింది. 2024 జూన్‌లో నగర మేయర్ కియోమోతో హిదెయాసు విదేశీ పర్యాటకుల నుంచి ఎక్కువ తీసుకోవాలన్న ఆలోచన బయటపెట్టారు. విదేశీయులకు 30 డాలర్లు, స్థానికులకు 5 డాలర్లు అన్నట్టుగా ఆయన మాట్లాడారు. దీనిపై అభ్యంతరాలు వచ్చాయి. చివరికి ‘విదేశీయులు, స్వదేశీయులు’ అనే గీత చెరిపి, ‘నగరవాసులు, ఇతరులు’ అనే గీత గీశారు. టోక్యో నుంచి వచ్చే జపాన్ కుటుంబం కూడా ఇప్పుడు హైదరాబాద్ కుటుంబంతో సమానంగానే చెల్లిస్తుంది. చెక్క, సున్నంతో కట్టిన కోటను బాగుచేసుకుంటూ ఉండటానికి ఖర్చు పెరిగిందన్నది నగరపాలక సంస్థ వాదన.

భారతీయులకు ఈ తేడా కొత్తేమీ కాదు. గోల్కొండ కోటలో భారత పౌరులకు 25 రూపాయలు, విదేశీయులకు 300 రూపాయలు. తాజ్ మహల్‌లో ఆ తేడా ఇంకా పెద్దది: 50 రూపాయలు, 1,100 రూపాయలు. మన పురావస్తు శాఖ పౌరసత్వాన్ని చూస్తుంది, హిమేజీ నివాసాన్ని చూస్తుంది. పిల్లలకు ఉచితం అన్న విషయంలో రెండూ ఒకటే, మన దగ్గర ఆ వయసు 15 ఏళ్లు.

కోట ఉదయం 9 గంటలకు తెరుస్తారు. సాయంత్రం 5కు మూస్తారు, లోపలికి 4 గంటల వరకే పంపుతారు. వేసవిలో వేళలు కొంత పొడిగిస్తారు. డిసెంబరు 29, 30 తేదీల్లో సెలవు. టికెట్ అక్కర్లేని భాగం కూడా చాలా ఉంది. ఓతె ద్వారం దాటగానే వచ్చే సన్నోమారు మైదానం నుంచి తెన్షు మొత్తం కనిపిస్తుంది. ఫొటోలకు, పిల్లల పరుగులకు అది చాలు.

దారే అసలు కాపలా

టికెట్ తీసుకుని హిషి ద్వారం దాటిన వెంటనే తెన్షు చాలా దగ్గరగా కనిపిస్తుంది. కానీ అక్కడికి తిన్నగా వెళ్లే దారి లేదు. దారి మలుపులు తిరుగుతుంది, సన్నబడుతుంది, ఒకచోట తెన్షుకు వీపు పెట్టి వెనక్కి నడుస్తున్నట్టు ఉంటుంది. పైకి వెళ్తున్నామనుకుంటే కిందికి దిగుతుంది. లోపలికి చొరబడిన సైనికుడు తికమకపడాలి, మలుపు దగ్గర వేగం తగ్గాలి, ఆ క్షణంలో గోడ వెనక నుంచి అతన్ని కొట్టాలి. ఇదీ పథకం. కోట చుట్టూ ఉన్న మూడు కందకాలు కూడా నత్త గుల్ల మీది గీతలా సుడి తిరుగుతూ సాగుతాయి.

ఈ సంగతి ముందు చెబితే ఆరేడేళ్ల పిల్లలకు నడక విసుగ్గా అనిపించదు. ‘నువ్వు శత్రువువి అయితే ఎటు వెళ్తావు?’ అని ప్రతి మలుపు దగ్గర అడిగితే చాలు.

ద్వారాల పేర్లు కూడా ఆటకు పనికొస్తాయి. ఇ, రొ, హ, ని, హొ, హె... ఇది జపాన్‌లో పాతకాలపు అక్షర వరుస. మన దగ్గర అ ద్వారం, ఆ ద్వారం, ఇ ద్వారం అని పేర్లు పెట్టినట్టు. పిల్లలు వరుస తప్పకుండా లెక్కపెట్టుకుంటూ వెళ్లవచ్చు. వీటిలో ‘ని’ ద్వారం దగ్గర దారి ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది, పైకప్పు తలకు దగ్గరగా వస్తుంది. పొడవాటి ఈటె పట్టుకున్నవాడు అక్కడ దాన్ని తిప్పలేడు. పిల్లలు అక్కడ హాయిగా నడుస్తారు, నాన్నలు తల వంచుతారు.

తెల్ల గోడల్లో గుండ్రం, త్రికోణం, చతురస్రం, నిలువు దీర్ఘచతురస్రం ఆకారాల్లో రంధ్రాలు ఉంటాయి. ఇప్పటికీ వెయ్యికి దగ్గరగా మిగిలాయి. నిలువు దీర్ఘచతురస్రాలు బాణాల కోసం, మిగతావి తుపాకుల కోసం. లోపలి వైపు వెడల్పుగా, బయటికి సన్నగా చేశారు. లోపలివాడు తుపాకీని అటూ ఇటూ తిప్పగలడు, బయటివాడికి గురి దొరకదు. గోడకు ఇటు ఒకసారి, అటు ఒకసారి నిలబడి చూస్తే ఐదేళ్ల పిల్లలకు కూడా విషయం అర్థమవుతుంది.

రాతి గోడల్లోనూ చూడాల్సినవి ఉన్నాయి. రాళ్లు చాలక పాత శవపేటికల రాళ్లు, రాతి దీపస్తంభాలు కూడా గోడలో పెట్టారు. ఇనుప జాలీ కప్పిన చిన్న రాయి ఒకటి కనిపిస్తుంది. హిదెయోషి కోట కడుతుంటే రాళ్లు చాలలేదని తెలిసి, ఒక పేద ముసలామె తన తిరగలి రాయిని ఇచ్చిందనీ, ఆ మాట పాకి ఊరంతా రాళ్లు తెచ్చి ఇచ్చారనీ కథ.

తెన్షు లోపల ఏముంటుంది?

గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, అక్కడ ఇచ్చే సంచిలో పెట్టుకుని చేత్తో మోయాలి. లోపల రాజుల మంచాలు, నగలు, సింహాసనాలు ఉండవు. ఆ ఆశతో వెళ్లిన పిల్లలు నిరాశపడతారు. తెన్షు నివాసం కాదు. యుద్ధం వస్తే చివరిగా తలదాచుకునే చోటు, మామూలు రోజుల్లో ఆయుధాల గిడ్డంగి. తెరుమాస కుటుంబం తెన్షుకు ఆనుకుని ఉన్న బిజెన్ ప్రాకారంలో ఉండేది. అక్కడి భవనాలు 1882లో కాలిపోయాయి. ఇప్పుడది ఖాళీ స్థలం.

లోపల ప్రతి అంతస్తులో వెతకడానికి ఏదో ఒకటి ఉంది. నేలమాళిగలో ముట్టడి రోజుల కోసం చేసిన మరుగుదొడ్లు, నీళ్లు వాడుకునే తొట్టి ఉన్నాయి. ఎక్కువమంది పిల్లలకు గుర్తుండిపోయేది ఇదే కావచ్చు. మొదటి రెండు అంతస్తుల గోడలకు తుపాకులు, ఈటెలు తగిలించే కొయ్యలు కనిపిస్తాయి. మూడో అంతస్తు మూలల్లో సైనికులు దాక్కునే చిన్న గదులు ఉన్నాయి. నాలుగో అంతస్తులో కిటికీలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి, వాటిని అందుకోవడానికి, అక్కడి నుంచి రాళ్లు విసరడానికి చెక్క వేదికలు కట్టారు.

భవనం బరువు మోసేవి రెండు మహా స్తంభాలు. ఒకటి తూర్పున, ఒకటి పడమట. ఒక్కోటి 24.6 మీటర్ల పొడవు. నేలమాళిగ నుంచి ఆరో అంతస్తు నేల దాకా నిలబడి ఉంటాయి. పడమటి స్తంభాన్ని 1956–64 మరమ్మతుల్లో మార్చారు. కింది అంతస్తులో స్తంభాన్ని కౌగిలించుకున్నట్టు చేతులు చాపి చూసి, పైకి వెళ్లే కొద్దీ అది ఎంత సన్నబడుతోందో పిల్లల్ని గమనించమనవచ్చు.

ఆరో అంతస్తులో ఒసకాబె దేవత గుడి ఉంది. కిటికీల నుంచి కింద ఓతెమాయె వీధి, దాని చివర స్టేషన్ గీత గీసినట్టు కనిపిస్తాయి. పైకప్పు చివర్లలో సగం చేప, సగం పులిలా ఉండే బొమ్మలు ఉంటాయి. నిప్పు అంటుకుంటే నీళ్లు చిమ్మి ఆర్పుతాయని నమ్మకం.

మెట్ల మీద జాగ్రత్తలు

తెన్షులో మెట్లు నిటారుగా, ఒక్కో మెట్టు ఎత్తుగా, అడుగు పట్టే చోటు తక్కువగా ఉంటుంది. కడ్డీలు ఉన్నాయి కానీ అవి పెద్దవారి చేతి ఎత్తుకు పెట్టినవి. చిన్నపిల్లలు రెండు చేతులతో పై మెట్టును పట్టుకుని ఎక్కుతారు. ఎక్కడం కన్నా దిగడమే కష్టం.

పాటించాల్సిన సూత్రం ఒక్కటే: పెద్దవారు ఎప్పుడూ పిల్లల కన్నా కింది వైపు ఉండాలి. ఎక్కేటప్పుడు పిల్లల వెనక, దిగేటప్పుడు పిల్లల ముందు. చిన్నవారిని ముఖం మెట్ల వైపు పెట్టి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగమనడం మేలు. ఒక పెద్దవారు ఇద్దరు చిన్నపిల్లల్ని తీసుకుని ఎక్కడం మంచిది కాదు.

నున్నటి మేజోళ్లు ఈ చెక్క నేల మీద జారతాయి. అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్లు వేస్తే మంచిది. చలికాలంలో నేల మంచులా ఉంటుంది, కాబట్టి వట్టి కాళ్లతో నడవడం కష్టం. చెప్పుల సంచి చేతికి అడ్డం రాకుండా భుజాన తగిలించుకునే బ్యాగులో పెట్టుకోవాలి.

స్ట్రోలర్ తెన్షులోకి రానివ్వరు. అంతకు ముందు దారి కూడా వాలు, రాతి మెట్లు కలిసి ఉంటుంది. పసిబిడ్డను ఎత్తుకోవాలంటే ముందువైపు కట్టుకునే క్యారియర్‌తో మెట్టు మీద పాదం కనబడదు. వీపున కట్టుకుంటే దూలాలు బిడ్డ తలకు తగలవచ్చు. అందుకే ఏడాది, రెండేళ్ల పిల్లలున్న దంపతులు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి రావడం మంచి ఉపాయం. ఒకరు లోపలికి వెళ్తే మరొకరు బిడ్డతో బయట ఉండవచ్చు.

లోపల వాడుకోవడానికి మరుగుదొడ్లు లేవు. తినకూడదు. రద్దీగా ఉన్నప్పుడు ఎక్కే మెట్లు, దిగే మెట్లు వేరుగా ఉంచి అందరినీ ఒకే వరుసలో నడిపిస్తారు. మధ్యలో బిడ్డ భయపడినా, వెనక్కి రావాలన్నా వరుసకు ఎదురు నడవకుండా సిబ్బందికి చెప్పాలి.

ఏ వయసు వారికి ఎంతవరకు?

మూడేళ్ల లోపు పిల్లలకు సన్నోమారు మైదానం, కందకంలోని చేపలు, హంసలు చాలు. నాలుగు నుంచి ఆరేళ్ల వారికి ద్వారాల దారి, రంధ్రాల ఆట బాగుంటాయి. వారు తెన్షులో రెండో అంతస్తు దాకా ఉత్సాహంగా ఎక్కి, ఆ తర్వాత అలసిపోయే అవకాశం ఎక్కువ. ఏడు నుంచి పన్నెండేళ్ల వారికి ఈ కోట సరిగ్గా సరిపోతుంది. టీనేజర్లకు కోట బతికి బట్టకట్టిన కథ, టికెట్ ధరల వివాదం ఆసక్తి కలిగిస్తాయి.

కథల విషయంలో కొంత ఆలోచించాలి. బయటికి వచ్చే దారిలో ‘ఒకికు బావి’ ఉంది. కోటను కాజేయాలన్న కుట్ర బయటపెట్టిన ఒకికు అనే పనిమనిషి మీద, పది విలువైన పళ్లేల్లో ఒకటి పోగొట్టిందన్న నింద వేసి, చంపి బావిలో పడేశారని కథ. రాత్రిళ్లు బావిలోంచి ‘ఒకటి, రెండు...’ అంటూ తొమ్మిది దాకా లెక్కపెట్టే గొంతు వినిపిస్తుందట. పదేళ్ల పిల్లలు దీన్ని మళ్లీ మళ్లీ చెప్పమంటారు. ఐదేళ్ల పిల్లలకు ఆ రాత్రి హోటల్ గదిలో నిద్ర పట్టకపోవచ్చు. దగ్గర్లోని ‘హరాకిరి ప్రాకారం’ పేరు కూడా భయపెడుతుంది. చూడటానికి ఆత్మాహుతికి వాడే చోటులా ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది.

చిన్నపిల్లలకు యువరాణి సేన్ కథ నయం. తొకుగావా ఇయెయాసు మనవరాలైన ఈమె మొదటి భర్తను ఒసాకా కోట పతనంలో పోగొట్టుకుంది. తర్వాత హోండా తదతోకిని పెళ్లాడి హిమేజీ వచ్చింది. పడమటి ప్రాకారంలో ఆమె కోసం కట్టిన చిన్న బురుజు, పరిచారికల గదులున్న పొడవైన నడవా ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ జనం కొంత పలచగా ఉంటారు. తెన్షు మెట్లతో పోలిస్తే నడక తేలిక.

ఎక్కలేని వారి సంగతేమిటి?

మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, తాతయ్యలు, చక్రాల కుర్చీ వాడే పిల్లలు తెన్షు పైకి వెళ్లలేరు. జాతీయ సంపదగా గుర్తించిన పాత చెక్క భవనంలో లిఫ్ట్ కోసం నేలలు కోయడానికి ఎవరూ ఒప్పుకోరు. కానీ అసలు భవనమే లేని చోట ఏం చేయాలి? ఈ ప్రశ్న జపాన్‌లో పెద్ద వివాదమైంది.

నగోయా కోట తెన్షు 1945 మే నెలలో బాంబు దాడిలో కాలిపోయింది. 1959లో కాంక్రీటుతో కట్టి లిఫ్ట్ పెట్టారు. భూకంపాన్ని తట్టుకునే బలం చాలదని 2018లో మూసేశారు. దాన్ని తీసేసి, పాత నమూనా ప్రకారం చెక్కతో మళ్లీ కట్టాలన్నది నగరపాలక సంస్థ ఆలోచన. పాతదానిలో లిఫ్ట్ లేదు కాబట్టి కొత్తదానిలోనూ పైదాకా పెట్టక్కర్లేదన్న వాదనను వికలాంగుల సంఘాలు వ్యతిరేకించాయి. 2023 జూన్‌లో నగరం ఏర్పాటు చేసిన చర్చా వేదికలో లిఫ్ట్ కోరిన వికలాంగులను ఉద్దేశించి కొందరు అవమానకరంగా మాట్లాడారు. మేయర్ క్షమాపణ చెప్పారు. పథకం వెనక్కి వెళ్లింది.

కుటుంబంలో మెట్లు ఎక్కలేనివారు ఉంటే ఒసాకా కోట మేలు. 1931లో కాంక్రీటుతో కట్టిన తెన్షు లోపల ఇప్పుడు మ్యూజియం, లిఫ్ట్ ఉన్నాయి. 2016 భూకంపంలో దెబ్బతిని 2021లో తెన్షును మళ్లీ తెరిచిన కుమమోతో కోటలోనూ లిఫ్ట్ ఉంది. పాతకాలపు కలప, నేల, చీకటి అక్కడ దొరకవు. హిమేజీలో అవన్నీ ఉన్నాయి, అందరికీ అందవు. రెంటిలో ఏది ముఖ్యమన్నది ఎవరితో వెళ్తున్నారన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి.

ప్రయాణం, తిండి, కాలం

షిన్ ఒసాకా నుంచి బుల్లెట్ రైలులో హిమేజీకి దాదాపు అరగంట. ఒసాకా స్టేషన్ నుంచి జేఆర్ ‘షిన్‌కైసొకు’ రైలులో గంట పడుతుంది, టికెట్ చవక. టోక్యో నుంచి బుల్లెట్ రైలులో మూడు గంటలకు పైగా. జపాన్ రైళ్లలో 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు సగం చార్జీ. ఆరేళ్ల లోపు పిల్లలు ఇద్దరి వరకు ఒక పెద్దవారితో, విడిగా సీటు తీసుకోకుండా, ఉచితంగా రావచ్చు. సామాను స్టేషన్ లాకర్లలో పెట్టుకోవచ్చు.

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలు పూస్తాయి. అప్పుడూ, ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా ఉండే వరుస సెలవుల్లోనూ తెన్షు బయటే చాలాసేపు నిలబడాల్సి రావచ్చు. ఆగస్టులో ఉక్కపోత మన కోస్తాను గుర్తు చేస్తుంది. లోపల ఏసీ ఉండదు. అక్టోబరు, నవంబరు నెలలు పిల్లలకు అనుకూలం. ఏ నెలైనా ఉదయం 9 గంటలకే గేటు దగ్గర ఉంటే మెట్ల మీద తోపులాట తప్పుతుంది.

శాకాహార కుటుంబాలు తిండి వెంట తీసుకెళ్లడం మంచిది. కూరగాయల సూప్, నూడుల్స్ అన్నా వాటి మూలరసంలో చేప ఉండటం జపాన్‌లో మామూలు. పెరుగన్నమో, చపాతీలో డబ్బాలో పెట్టుకుని, కోట చూశాక బయట కూర్చుని తినవచ్చు. చెత్త డబ్బాలు తక్కువ కాబట్టి ఒక కవరు ఉంచుకోవాలి.

కోట ఆవరణ తూర్పు వైపున 1951లో మొదలైన నగర జంతుప్రదర్శనశాల ఉంది. టికెట్ చాలా తక్కువ. అక్కడి నుంచి తెన్షు కూడా కనిపిస్తుంది. పడమట 1992లో తెరిచిన కోకోయెన్ ఉద్యానం ఉంది. ఒకప్పుడు సమురాయ్‌ల ఇళ్లున్న చోట తొమ్మిది తోటలుగా దీన్ని తీర్చారు. కోటతో కలిపి ఉమ్మడి టికెట్ దొరుకుతుంది. ఉత్తరాన ఉన్న ప్రిఫెక్చర్ చరిత్ర మ్యూజియంలో జపాన్ కోటల నమూనాలు ఉంటాయి. వాన పడితే పిల్లలకు అదే ఆశ్రయం.

సమయం తక్కువైతే ఈ వరుస పాటించవచ్చు: 9 గంటలకు హిషి ద్వారం, అక్కడి నుంచి గంట సేపు ద్వారాలు, రంధ్రాలు, గోడలు చూడటం. తెన్షు గుమ్మం దగ్గర చెప్పులు విప్పే ముందు ఒక్క నిమిషం ఆగి, పిల్లల ఓపిక చూసుకోవడం. ఎక్కితే గంట పడుతుంది. ఎక్కకపోతే పడమటి ప్రాకారానికి వెళ్లవచ్చు. పైకి వెళ్లని పిల్లలు కోటను చూడనట్టు కాదు. శత్రువును ఆపడానికి కట్టినవన్నీ దాదాపు ఆ గుమ్మం బయటే ఉన్నాయి, వాటిని వారు అప్పటికే దాటి వచ్చారు.